గిట్ల కావాలె అని తెచ్చిన బొమ్మలు

కుర్చీలో కూర్చున్న మనిషి చెప్పే మొదటి మాట నమ్మకండి. "మామూలుగ కొట్టు" అంటాడు. మామూలు అనే కటింగు లోకంలో లేదు. అతని మనసులో ఒక బొమ్మ ఉంటుంది. అది చెప్పడానికి సిగ్గుపడి మామూలు అంటాడు. తీరా కొట్టాక అద్దంలో చూసుకుని, ముఖం ముడుచుకుని వెళ్లిపోతాడు. మళ్లీ మన గుమ్మం తొక్కడు. ఈ ఒక్క సంగతి అర్థం కావడానికి నాకు పదేళ్లు పట్టింది. కొత్తగా కత్తెర పట్టిన మీకు పది నిమిషాల్లో చెప్పేస్తున్నాను, కాస్త ఓపికగా చదవండి.

జనగామ స్టేషన్ ఎదురుగా ఉన్న మా మేనమామ ఎల్లయ్య కటింగు షాపులో పందొమ్మిదో ఏట కత్తెర పట్టాను. చేతులు వణకడం మొదలయ్యాక దించాను. షాపుకు ఎన్ని కుర్చీలు పెరిగాయో, సంఘంలో నాకు ఏ పదవి ఇచ్చారో ఇక్కడ రాయను. అవి మీకు పనికిరావు. బొమ్మల సంగతే రాస్తాను. ఇప్పుడు మీ దగ్గరికి వచ్చే ప్రతివాళ్లూ ఫోను తెరిచి ఇలా కావాలని చూపిస్తున్నారు, మీరేమో వెనక నిలబడి నవ్వుకుంటున్నారు. మా మామ కూడా అలాగే నవ్వేవాడు. ఆయన నవ్వు ఎలా ఆగిందో చెప్పాలనే ఈ రాత.

కాలేజీలు మూతపడ్డ ఏడాది

అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం ఉద్యమం లేచింది. కాలేజీలు మూతపడ్డాయి. హైదరాబాదులో, వరంగల్లులో చదివేవాళ్లంతా ఊళ్లకు తిరిగొచ్చి పొద్దంతా మా షాపు బెంచీ మీదే కూర్చునేవారు. పేపరు ఒకడు చదివితే పదిమంది వినేవారు. కటింగు మాత్రం ఒక్కడూ చేయించుకునేవాడు కాదు. అందరి జుట్టూ చెవుల మీదికి, మెడ మీదికి దిగింది. మామ పళ్లు కొరుక్కునేవాడు. ఆయనకు తెలిసిన కటింగులు రెండే. ఒకటి ఎండాకాలానిది, ఇంకొకటి తక్కిన కాలాలది.

ఆ గుంపులో ఒక డిగ్రీ విద్యార్థి ఒకనాడు బెంచీ ఎక్కి నిలబడి, తెలంగాణ వచ్చేదాకా తల మీద కత్తెర పడనివ్వనని ఒట్టు పెట్టుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. రెండేళ్ల తర్వాత అతనికి ఏదో ఆఫీసు నుంచి ఇంటర్వ్యూ కాగితం వచ్చింది. ఒక మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేని వేళ చూసుకుని వచ్చి కూర్చున్నాడు. పుస్తకం మధ్యలోంచి ఒక పత్రిక ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. అందులో ఎవరో క్రికెట్ ఆటగాడు, చెవులు సగం కనిపించేలా జుట్టు.

"గిట్ల కొట్టు రాజన్నా. కొట్టినట్టు మాత్రం కనవడొద్దు" అన్నాడు.

మామ అయితే బయటికి నడవమనేవాడు. నాకు అతని బాధ అర్థమైంది. లోపలి జుట్టు పలచన చేసి, పైది అలాగే ఉంచి, అంచులు సర్దాను. ఇంటర్వ్యూ వాళ్లకు కత్తిరించినట్టు, దోస్తులకు కత్తిరించనట్టు కనిపించాడు. ఉద్యోగం వచ్చింది. ఆ సంతోషంలో నాకు బూందీ లడ్డూలు కూడా తెచ్చాడు. అతను కుర్చీలో మరిచిపోయిన పత్రిక ముక్కను ఒక నోటుబుక్కులో అంటించాను. నా పుస్తకంలో మొదటి బొమ్మ అదే.

ఆ తర్వాత బొమ్మలు వాటంతట అవే రాసాగాయి. వారపత్రిక అట్టలు, క్యాలెండర్ ముక్కలు, సినిమా హాలు గోడ మీదినుంచి చింపిన పోస్టర్ కాగితాలు. అన్నీ అంటించుకున్నాను. మామకు ఒళ్లు మండేది. మంగలి కొట్లో పుస్తకమేందిరా, నువ్వు కటింగు చేస్తవా, పరీక్షలు రాస్తవా అని నలుగురి ముందూ ఎగతాళి చేసేవాడు. ఆ పుస్తకాన్ని ఆయన ఒక్కసారి కూడా చేత్తో ముట్టుకోలేదు.

బయ్యారం అతని నుదురు

ఇప్పుడు నా తప్పు చెబుతాను. దాచుకుంటే మీరూ అదే చేస్తారు.

బయ్యారం నుంచి ఒకతను పెళ్లిచూపులకు జనగామ వచ్చాడు. సాయంత్రం పిల్లవాళ్లింటికి వెళ్లాలి, పొద్దున్నే మా షాపులో దిగాడు. చేతిలో ఒక సినిమా హీరో బొమ్మ ఉంది, నుదుటి మీదికి వాలిన జుట్టుతో. మామ స్నానానికి వెళ్లి ఉన్నాడు. నేనే తల తడిపాను, బొమ్మను అద్దం అంచుకు దోపాను, దాన్ని చూస్తూ అచ్చం అలాగే దించాను. తడి జుట్టు నుదుటి మీద బుద్ధిగా పడుకుంది. నాకు గర్వంతో ఛాతీ ఉబ్బింది.

అతను టీ తాగి వచ్చేసరికి జుట్టు ఆరింది. ఆరగానే లేచి నిలబడింది. అతని నుదుటి పైన రెండు సుడులున్నాయి, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిరిగినవి. తడిలో అవి నాకు కనిపించలేదు. నేను తల చూడలేదు, బొమ్మనే చూశాను. నూనె రాశాను, దువ్వాను, అరచేత్తో అదిమిపట్టాను. వదిలితే లేస్తున్నాయి. అతనికి కన్నీళ్లొక్కటే తక్కువ. ఇంతలో మామ వచ్చి, మిషన్ తీసి ఎండాకాలం కటింగు కొట్టి పంపించాడు. పిల్లవాళ్లింట్లో తిరుపతికి పోయొచ్చావా బాబూ అని అడిగారట. ఆ సంబంధం కుదరలేదు. జుట్టు వల్లనే చెడిందని అతను ఊరంతా చెప్పుకున్నాడు. కాదని చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

అతను వెళ్లాక మామ నన్ను తిట్టలేదు. కత్తికి సాన పడుతూ తల ఎత్తకుండానే అన్నాడు.

"బొమ్మల ఉన్నోడు వచ్చి కూసున్నడా? కూసున్నోడు గీయిన. ముందుగాల గీయిన తల చూడు."

నా గురువులందరిలో నాకు నచ్చని గురువు ఆయనే, ఎక్కువ నేర్పిందీ ఆయనే. మొండి మనిషి, నోటి దురుసు, కొత్తదంటే గిట్టదు. కానీ తల మీద చెయ్యి పెడితే కళ్లు మూసుకుని కూడా సుడి ఎటు తిరిగిందో చెప్పేవాడు. ఆ రోజు నుంచి నేను తల తడపడానికి ముందు పొడి జుట్టులో పది వేళ్లూ పోనిచ్చి చూస్తాను. బొమ్మ చూసేది ఆ తర్వాతే.

బొమ్మ వెనక రాసుకున్నది

సినిమావాళ్ల బొమ్మలతో మనకొచ్చే చిక్కేమిటంటే, వాళ్ల జుట్టు వేరు, మన పత్తి రైతు జుట్టు వేరు. అందుకని ఒక ఉపాయం చేశాను. మా పక్కన ఫొటో స్టూడియో ఉండేది. ఉద్యోగాలకు దరఖాస్తు చేసేవాళ్లు ముందు నా దగ్గర కటింగు చేయించుకుని, అటునుంచి అటే ఫొటో దిగేవారు. దరఖాస్తుకు అంటించగా మిగిలిన ఫొటో ఒకటి నాకివ్వమని అడిగేవాణ్ని. ముఖం పుస్తకంలో పెట్టుకోవచ్చా అని కూడా అడిగేవాణ్ని. వద్దన్నవాళ్ల ఫొటో తీసుకోలేదు. మీరూ అడగకుండా ఎవరి తలనూ ఫోనులో పట్టకండి, అది మర్యాద కాదు.

ఫొటో వెనక నేను రాసుకునేవి నాలుగే మాటలు. జుట్టు మందమా పలచనా, సుడి ఎక్కడ, పాపిడి ఎటు తీస్తే నిలిచింది, ఏం దాచాను. ఒక గుమాస్తాకు నడినెత్తి పలచబడితే పాపిడి బాగా కిందికి, ఎడమ చెవి పైకి దించి పక్క జుట్టును మీదికి తెచ్చాను. అదీ రాసుకున్నాను. కొన్నేళ్లకు నా పుస్తకం నిండా జనగామ తలలే. ఎవరైనా హీరో బొమ్మ తెస్తే, దాని పక్కన అతనిలాంటి జుట్టున్న మన ఊరి ఫొటో పెట్టి, నీకు వస్తే ఇలా వస్తుంది అని చూపించేవాణ్ని. అప్పటి నుంచి అద్దం ముందు ముఖం ముడుచుకున్నవాళ్లు తగ్గిపోయారు.

మామ మాత్రం ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

నెల్లికుదురు నుంచి వచ్చిన పిల్ల

డెబ్భైల చివర ఒక పొద్దున మా షాపు ముందు రిక్షా ఆగింది. అందులోంచి ఒక పెద్దాయన, ఆయన తల్లి, ఆయన కూతురు దిగారు. నెల్లికుదురు దగ్గర భూములున్న కుటుంబం. షాపు పెట్టకముందు మామ వాళ్ల ఊళ్లోనే ఇంటింటికీ తిరిగి పనిచేసేవాడు. అందుకని ఆ ముసలావిడ ఇప్పటికీ ఆయన్ని ఎల్లిగా అనే పిలిచేది. మామ నెత్తి నెరిసింది, సొంత షాపు ఉంది, అయినా ఆమెకు ఎల్లిగాడే. ఆయన పట్టించుకోనట్టు ఉండేవాడు. నేను పట్టించుకునేవాణ్ని.

కూతురి పేరు సువర్ణ. టీచరు ట్రైనింగు అయింది. మహబూబాబాద్‌లో, మా నోట మానుకోటలో, ఆడపిల్లల బడిలో ఉద్యోగం వచ్చింది. ఆర్డరు చేతికొచ్చిన వారానికే టైఫాయిడ్ పట్టుకుంది. ప్రాణం దక్కింది గానీ జుట్టు ఊడిపోయింది. అక్కడక్కడ పాత జుట్టు పాయలు పొడుగ్గా వేలాడుతున్నాయి, మధ్యలో కొత్తవి రెండు వేళ్ల ఎత్తున మొలుస్తున్నాయి. తల నిండా కొంగు కప్పుకుని వచ్చింది. జ్వరమని చెప్పి పొడిగించుకున్న గడువులో ఇంకా రెండు రోజులే మిగిలాయి. ఈ తలతో పిల్లల ముందు నిలబడలేనని, నవ్వుతారని, ఉద్యోగమే వద్దని ఏడుస్తోందట. గడువు దాటితే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుందని తండ్రి భయం. పాత మనిషి ఎల్లయ్య ఏదైనా దారి చూపుతాడని ఇంత దూరం తీసుకొచ్చాడు.

ఆమె సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసింది. నాకు ఆశ్చర్యమేసింది. జ్వరం తగ్గి మంచాన ఉన్నప్పుడు వారపత్రికల్లోంచి ఆడవాళ్ల జుట్టు బొమ్మలు కత్తిరించి అంటించుకుంది, అచ్చం నాలాగే. సిగలు, కొప్పులు, మెడ దాకా కత్తిరించిన పట్నం జుట్లు. ఒక్కొక్క బొమ్మ కింద పెన్సిలుతో ఇది కుదరదు, ఇది కుదరదు అని రాసుకుంది. చివరి బొమ్మ కింద మాత్రం ఏమీ రాయలేదు. అది చెవుల దాకా కత్తిరించిన జుట్టు.

"ఇది ఐతదా అన్నా?" అని అడిగింది.

అవుతుందని నేను అనేలోపు నాయనమ్మ అడ్డం పడింది. ఆమె కోపంలో న్యాయం లేదని నేననను. వాళ్ల ఇళ్లలో మంగలి కత్తెర ఆడదాని తల మీద పడితే అది మొక్కుకైనా కావాలి, మొగుడు పోయిన కీడుకైనా కావాలి. మూడో కారణం ఆమె జన్మలో చూడలేదు.

"మొక్కు లేదు, కీడు లేదు. పెండ్లి కాని పిల్ల తల మీద కత్తెరెందుకు పడాలె? పోదాం పా" అంది.

సువర్ణ కొంగు మళ్లీ కప్పుకుంది. తండ్రి రిక్షా వైపు చూశాడు. నేను ఏదో పట్నం సంగతులు, చదువుకున్న ఆడవాళ్ల సంగతులు చెప్పబోయాను. ముసలావిడ నావైపు చూడనైనా లేదు. అంతా అయిపోయిందనుకున్నాను.

అప్పుడు మామ కుర్చీ దగ్గర నుంచి కదిలి వచ్చాడు. చేతులు తుడుచుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"అమ్మా, గీ బిడ్డ పుట్టు వెంట్రుకలు తీసింది నేనే. మీ వాకిట్ల పీటేసి కూసోవెట్టి, నాకు కొత్త ధోతి పెట్టిండ్రు, యాదికున్నదా? అప్పటి వెంట్రుకలు జరం తీస్కపోయింది. ఇవి మళ్ల పుట్టినయి. పుట్టు వెంట్రుకలకు కత్తెర పడుడు కీడెట్లయితది?"

బెంచీ మీద పేపరు చదివేవాళ్లు పేపరు దించారు. ముసలావిడ చాలాసేపు మామ ముఖమే చూసింది. నాకు తెలిసి ఆ ముఖాన్ని ఆమె సరిగ్గా చూడటం అదే మొదటిసారి.

"మరి మేనమామ లేకుండ పుట్టు వెంట్రుకలు ఎట్ల తీస్తవు, ఎల్లయ్యా?" అంది.

ఎల్లయ్యా అంది. నేను విన్నాను, మామా విన్నాడు. మేనమామను పిలిపిస్తే సరి అన్నాడు ఆయన.

అదృష్టం కొద్దీ సువర్ణ మేనమామ ఆ రోజు జనగామ మార్కెట్‌లోనే ఉన్నాడు, పత్తి బండ్లతో వచ్చి. తండ్రి పరుగున వెళ్లి తీసుకొచ్చాడు. ఒంటినిండా దూది అంటుకున్న భారీ మనిషి, ఎవరికేమైందోనని కంగారుగా లోపలికొచ్చాడు. సంగతి విని, ఇరవై రెండేళ్ల పిల్లను ఒళ్లో ఎట్ల కూసోవెట్టుకోవాలె అని అడిగాడు. సువర్ణ నవ్వింది. మామ తన స్టూలు తెచ్చి కుర్చీ పక్కన వేసి, దాని మీద కూర్చుని భుజం మీద చెయ్యి వేస్తే చాలన్నాడు. పసుపు కుంకుమ లేకపోతే ఎలా అని నాయనమ్మ అంటే, పక్క కొట్లోంచి అవీ వచ్చాయి. షాపు ముందు గోనెపట్టా కట్టి పరదా చేశాం. మొదటి మూడు కత్తెరలు మేనమామ వేయాలి. పత్తి బస్తాలు ఎత్తే ఆ మనిషి ఒక్కొక్క వెంట్రుకా వెతికి పట్టుకుని వేశాడు.

ఆ తర్వాత కత్తెర నా చేతికొచ్చింది. ఈసారి తల తడపలేదు. పొడి జుట్టులో వేళ్లు పోనిచ్చి చూశాను. నడినెత్తిన ఒక చోట, కుడి చెవి వెనక ఒక చోట ఇంకా ఖాళీ ఉంది. సుడి ఎడమకు తిరిగింది. నా పుస్తకం తెరిచి ఆ గుమాస్తా ఫొటో ఆమెకు చూపించాను. మీసాలున్న మనిషిని చూసి సువర్ణ గాబరాపడి, నన్ను సారును చెయ్యకు అన్నా అంది. మీసం అక్కర్లేదమ్మా, ఆయన పాపిడొక్కటే తీసుకుందాం అన్నాను. ఆమె తెచ్చిన బొమ్మలోంచి పొడవు, గుమాస్తా తలలోంచి పాపిడి. రెండూ కలిపి, పొడి మీదనే, వెంట్రుక వెంట్రుకా పడే చోటు చూసుకుంటూ కొట్టాను. పాత వెంట్రుకలు కొత్తవాటి మీదికి వచ్చి ఖాళీలను కప్పాయి. మెడ దగ్గర అంచు మాత్రం మామే తీశాడు. అంత సన్నని గీత నాకు చివరిదాకా చేతకాలేదు.

వెనక అద్దం పట్టి చూపించాం. సువర్ణ ముందు అద్దంలో చూసింది, వెనక అద్దంలో చూసింది, తల ఇటూ అటూ తిప్పింది. కొంగు ఈసారి తల మీదికి కాక భుజం మీద వేసుకుంది.

"బాపూ, మానుకోటకు రైలెన్నింటికి?" అంది.

స్టేషన్ ఎదురుగానే కదా. తండ్రి, మేనమామ, నాయనమ్మ ముగ్గురూ వెళ్లి ఆమెను ఎక్కించి వచ్చారు. నాయనమ్మ తిరిగొచ్చి మామకు కొత్త ధోతి పెట్టింది. ఆయన వద్దనలేదు. ఆ సాయంత్రం షాపులో ఎవరూ లేనప్పుడు మామ నా పుస్తకం తీసి, ఒక్కొక్క పేజీ తిప్పుతూ, ఫొటోల వెనక రాతలు నాతో చదివించుకుని విన్నాడు. రెండు చోట్ల నేను సుడి తప్పు రాశానని కూడా చెప్పాడు. అంత ఆనందం నాకు నా పెళ్లిలో కూడా కలగలేదు, మా ఆవిడ ఇది చదివితే చదవనీ.

భూపాలపల్లి నుంచి

మీకు చెప్పదలచుకున్నది దాదాపు అయిపోయింది. బొమ్మ తెచ్చినవాళ్లను చూసి నవ్వకండి. వాళ్లు తెచ్చింది జుట్టు బొమ్మ కాదు, తాము ఎలా ఉంటే బయటికి ధైర్యంగా నడవగలమో ఆ బొమ్మ. అలాగని బొమ్మను చూసి కొట్టకండి. తలను చూసి కొట్టండి. ఈ రెండూ తెలిస్తే మీకు ఏ కోర్సూ అక్కర్లేదు. తక్కినవన్నీ యంత్రాలు అమ్ముకునేవాళ్లు చెప్పే మాటలు.

ఇంకొక్కటి రాసి ముగిస్తాను. ఎనభైల మధ్యలో అనుకుంటాను. మామ అప్పటికి కత్తెర పట్టడం మానేశాడు. చూపు తగ్గింది. అయినా రోజూ వచ్చి తన స్టూలు మీద కూర్చుని మా తప్పులు పట్టేవాడు. ఒక పొద్దున ఒకావిడ, పదహారేళ్ల కూతురు, వెనక ఒక మగమనిషి షాపులోకి వచ్చారు. భూపాలపల్లి నుంచి వస్తున్నామన్నారు. బస్సులు మారి మారి వచ్చిన ముఖాలు. ఆ పిల్ల తల నిండా ఓణీ కప్పుకుంది. ఎందుకో చెప్పక్కర్లేదు.

ఆవిడ సంచిలోంచి ఒక ఫొటో తీసింది. బడిలో దిగిన గ్రూపు ఫొటో. వరసలుగా ఆడపిల్లలు, మధ్యలో కుర్చీలో ఒక టీచరు. ఆ టీచరు తల చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీత.

"మా పిల్లకు గీ టీచరమ్మ లెక్క కావాలె. ఆమె మానుకోట నుంచి బదిలీ మీద మా కాడికొచ్చింది. జనగామ టేషన్ ముంగట పొమ్మన్నది" అంది.

అది సువర్ణ. జుట్టంతా తిరిగి వచ్చి ఎన్నేళ్లయిందో, జడ వేసుకోవడానికి ఏ అడ్డూ లేదు. అయినా అదే పొడవు, అదే పాపిడి, ఎడమ చెవి పైకి. ఎవరెవరివో బొమ్మలు నా దగ్గరికి తెచ్చినవాళ్లు వందలమంది. నేను కొట్టిన తలనే నా దగ్గరికి బొమ్మగా తెచ్చింది ఈవిడ ఒక్కతే. ఫొటోను మామ చేతికిచ్చాను. ఆయన దాన్ని కంటికి ఆనించుకుని చాలాసేపు చూశాడు. కళ్ల నీళ్లు చూపు తగ్గినందుకని అన్నాడు. నేను నమ్మినట్టు తలూపాను.

పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, పొడి జుట్టులో వేళ్లు పోనిచ్చాను. అప్పుడావిడ గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషిని ముందుకు పిలిచింది.

"మా తమ్ముడు. పిల్లకు మేనమామ. కత్తెర పడేటప్పుడు పక్కన ఉండాల్నంట గద. తప్పకుండ తోల్కపొమ్మన్నది టీచరమ్మ."

మామ మెల్లగా లేచి నిలబడ్డాడు. తన స్టూలును భుజం మీది తువ్వాలుతో తుడిచి, ఆ మేనమామకు వేశాడు.